పాతిక మీటర్ల పాపం

పోయిన నెల ఒక ముసలాయన శాలిబండలో మా ఇంటి మెట్లు ఎక్కుతుంటే నేను పైన గడప దగ్గర నిలబడి చూశాను. నిటారు మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ లేదు, ఆయన చేతిలో కర్ర, మోకాళ్లు అరిగిపోయిన మనిషి. ఒక్కో మెట్టుకూ ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. రెండు మెట్లు దిగి చెయ్యి అందించి ఉండొచ్చు. అందించలేదు. ఆయన ఆయాసం వింటుంటే నా ప్రాణానికి ఎంత హాయిగా ఉందో చెప్పడానికి నాకేమీ సిగ్గు లేదు. నాలుగు పుస్తకాలు రాసినదాన్ని, యాభై దాటినదాన్ని, ఈ వయసులో క్షమించడం గురించి రాస్తే పదిమంది మెచ్చుకుంటారని నాకూ తెలుసు. మెచ్చుకోలు నాకక్కర్లేదు. వస్తున్న మనిషి పేరు దామోదర్ సార్. నా చిన్నప్పుడు ఈత నేర్పిన కోచ్, ఆ రోజుల్లో ఈత సంఘానికి కార్యదర్శి కూడా ఆయనే. మా అమ్మకు ఒక మాట చెప్పడానికి వస్తున్నాడు. తనంతట తాను రాలేదు, నేను రప్పించాను. ఎందుకు రప్పించానో చెప్పాలంటే నా చిన్నతనంలోకి వెళ్లాలి.

అప్పట్లో ఆ మెట్ల పక్కన, కింది అంతస్తులో మా బర్రెలుండేవి. ఇప్పుడది చెప్పుల గోదాము, రబ్బరు వాసన తప్ప ఏమీ రాదు. అప్పుడైతే వీధి మలుపు తిరగగానే నానిన తౌడు, పచ్చిగడ్డి, పేడ, వాటి మీదుగా పైనుంచి అమ్మ కాచే నెయ్యి, అన్నీ కలిసిన వాసన ఒకటి ఎదురొచ్చేది. బడిలో పిల్లలు నా పక్కన కూర్చోవడానికి మూతి ముడిచేవాళ్లు. మా బాపు యాదగిరి తెల్లవారకముందే లేచి పాలు పిండి, సైకిలుకు రెండు వైపులా క్యాన్లు తగిలించుకుని చార్మినార్ చుట్టుపక్కల చాయ్ హోటళ్లకు పోసి వచ్చేవాడు. ఇంటి దగ్గరికి వచ్చే గిరాకీలు కొందరుండేవారు. వాళ్లకు కొలిచేటప్పుడు ఆయనకొక అలవాటు. అప్పుడే పిండిన పాలకు నురగ ఎక్కువ. డబ్బా నిండినట్టే కనిపిస్తుంది, నురగ దిగితే పాలు తక్కువ తేలతాయి. అందుకని ఎవరెంత తొందరపెట్టినా ఆయన డబ్బా పట్టుకుని కదలకుండా నిలబడేవాడు. "జర ఆగమ్మా, నురగ దిగనీ. నురగ అమ్ముకునే బతుకు నాకొద్దు" అనేవాడు. దిగాక పైన మళ్లీ పోసి నిండుగా ఇచ్చేవాడు. గిన్నె పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు విసుక్కునేవాళ్లు, కానీ మర్నాడు మళ్లీ ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు.

నాకు నీళ్ల భయం పోగొట్టింది కూడా ఆయనే. ఎండాకాలం బర్రెలను మీర్ ఆలం చెరువుకు తోలుకెళ్లి కడిగేవాడు. నన్ను ఒక బర్రె తోక పట్టుకోమని వదిలేస్తే అది లోపలికి ఈదుకుంటూ పోయేది, నేను వెనక తేలుతూ పోయేదాన్ని. కొన్నాళ్లకు తోక అక్కర్లేకుండా పోయింది. ఆడపిల్లను చెరువులో దింపుతున్నాడని బస్తీలో కొంత లొల్లి అయింది. ఆయన పట్టించుకోలేదు గానీ, చెరువు వద్దనుకుంటే పూల్ ఉందని ఎవరో చెబితే విన్నాడు. బహదూర్‌పురా వైపు అప్పట్లో ఒక సర్కారు పూల్ ఉండేది. యాభై మీటర్ల పొడుగు. నీళ్లు ఎప్పుడూ కాస్త పచ్చగా ఉండేవి. ఆడవాళ్లకు మధ్యాహ్నం ఒక్క గంట ఇచ్చేవాళ్లు, ఎండకు మగవాళ్లు ఎవరూ రాని వేళ చూసి. ఆ గంటలో కోచ్‌కు తప్ప మగవాళ్లకు ప్రవేశం లేదు కాబట్టి బాపు గేటు బయట సైకిలు మీద కూర్చునేవాడు, అమ్మ నాతో లోపలికి వచ్చేది.

ఇప్పుడు మేము, అంటే ఈత పిల్లల తల్లులం, గ్యాలరీలో కూర్చుని ఫోన్లు చూసుకుంటూ ఉంటాం. అమ్మకు కూర్చోవడం చేతకాలేదు. పూల్ గట్టు మీద చెప్పులు వేసుకోకూడదు గనుక వట్టి కాళ్లతో, భుజం మీద తువ్వాలు వేసుకుని, కొంగు తల మీద కప్పుకుని, నాతో పాటు గట్టు పొడుగునా నడిచేది. నేను నీళ్లలో, ఆమె ఎండలో. నేను ఆ చివర గోడ ముట్టుకుని తిరిగితే ఆమె కూడా తిరిగేది. బండ కాలితే తడి ఉన్నచోట అడుగు వేసుకుంటూ వచ్చేది. పూల్‌లో కలిపే మందుకు జుట్టు ఊడుతుందని నా తలకు ఆముదం దట్టంగా పట్టించేది. అది నీళ్ల మీద తేలితే దామోదర్ సార్ విజిల్ ఊదేవాడు. సఫారీ సూటు, మెడలో విజిల్, చేతిలో వాచీ. మా బస్తీ దర్జీ నల్ల బనీను గుడ్డతో కుట్టిన నా ఈతబట్టలు నీళ్లు తాగి బరువెక్కి కిందికి లాగేవి. అయినా నన్ను దాటే అమ్మాయి మా పూల్‌లో లేదు. ఆ సంగతి సారే నలుగురితో అనేవాడు, ఆ మాట బాపు గేటు బయట వచ్చేపోయేవాళ్లకు చెప్పుకునేవాడు.

జాతీయ పోటీలకు మా వయసు అమ్మాయిల నుంచి రెండు వందల మీటర్ల ఫ్రీస్టైల్‌కు ఒక్కరినే పంపాలి. పోటీ నాకూ సునందకూ మధ్యే. సునంద దామోదర్ సార్ కూతురు. మూసీ అవతల ఒక క్లబ్బులో ఈదేది. పాతిక మీటర్ల పూల్, నీలంగా మెరిసే నీళ్లు, వరసకు వరసకు మధ్య తాళ్లు. ఆ అమ్మాయి మీద నాకప్పుడూ కోపం లేదు, ఇప్పుడూ లేదు. ఇద్దరినీ ఒకే నీళ్లలో దింపి ఉంటే గొడవే లేదు. ఆ ఏడు నీళ్ల ఎద్దడి వచ్చింది, మా పూల్ ఖాళీ చేస్తారన్నారు. ఎవరి పూల్‌లో వాళ్లను ఈదించి టైమ్ తీసుకుంటానని సార్ నిర్ణయించాడు. మా పూల్ ఖాళీ చేసే ముందు రోజు పొద్దున నన్ను ఈదించాడు. తర్వాత సునందను వాళ్ల క్లబ్బులో ఈదించాడు. రెండు చోట్లా వాచీ ఆయనే పట్టుకున్నాడు. రెండు సెకన్లు కూడా లేని తేడాతో సునంద ముందు వచ్చింది. బాపు నన్ను వెంటబెట్టుకుని సంఘం ఆఫీసుకు వెళ్లాడు. సార్ కూర్చోమని అనలేదు.

"చూడు యాదగిరీ, వాచీకి నీ బిడ్డ, నా బిడ్డ అని ఉండది. టైమ్ టైమే."

"అవును సార్."

"గింత దగ్గరికొచ్చి తప్పిందంటే దమ్ము చాల్లేదన్నట్టు. ఆ పొద్దుగాల ఏం తిన్నది పోరి?"

"పెరుగన్నం సార్. వాళ్లమ్మ మీగడేసి పెట్టింది."

సార్ తల ఆడించి నవ్వాడు. "గదే మరి. పాలోళ్ల ఇంట్ల తిండి బరువుంటది. గంత మీగడ తిన్న పోరి నీళ్లల్ల ఎట్ల తేల్తది? మీ ఆడామెకు చెప్పు. వచ్చే ఏడు చూద్దాం."

బాపు రెండు చేతులూ జోడించాడు. పాలలో చుక్క నీళ్లు కలపని మనిషి, నురగకు కూడా లెక్క చూసే మనిషి, తనను మోసం చేసినవాడికి దండం పెట్టి బయటికి వచ్చాడు. ఆ జోడించిన చేతులు నేను మరిచిపోలేదు. నిజానికి ఆయన అడగాల్సింది ఒక్కటే ప్రశ్న. కానీ ఆ ప్రశ్న ఉందన్న సంగతే మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నీళ్లంటే మాకు చెరువు, బావి. ఎంత లోతని అడగడం తెలుసు. ఎంత పొడుగని ఎవరడుగుతారు?

ఇంటికొచ్చి బాపు సార్ మాటను ఉన్నదున్నట్టు అమ్మకు చెప్పాడు. ఆమె అప్పుడు కాగిన పాల మీద మీగడ తీస్తోంది. గరిటె పక్కన పెట్టేసింది. మర్నాటి నుంచి నా కంచంలో పెరుగు లేదు, మీగడ లేదు, నెయ్యి లేదు. పొద్దున ఒక జొన్నరొట్టె, పచ్చిపులుసు. ఇంటినిండా పాలున్న ఇంట్లో నాకు చాయ్‌లో కూడా పాలు పోసేది కాదు. నన్ను తేలికచేసి వచ్చే ఏడు గెలిపించాలని ఆమె పంతం. తాను కూడా మానేసింది. "పోరికి లేంది నాకెందుకు" అంది. వానాకాలంలో పూల్ మళ్లీ నింపేసరికి నేను పుల్లలా తయారయ్యాను. రెండోసారి గోడ ముట్టుకునేలోపే చేతులు పడిపోయేవి, కళ్లు తిరిగేవి. ఒకరోజు మధ్యలో ఆగి తాడు లేని ఆ పూల్‌లో నీళ్లు మింగితే అమ్మ చీరతోనే దూకబోయింది. ఆ తర్వాత నేను పూల్‌కు వెళ్లలేదు. సునంద జాతీయ పోటీలకు వెళ్లి వచ్చింది, ఆటల కోటాలో ఉద్యోగం కూడా వచ్చిందని విన్నాం. బాపు మాత్రం చాయ్ హోటళ్ల దగ్గర ఎవరు అడిగినా "మా పోరి జరంతల తప్పింది" అనేవాడు. చనిపోయేవరకూ అదే అన్నాడు. అమ్మ ఆ మాట కూడా అనలేదు. "నా చేతి తిండే నా బిడ్డను ముంచింది" అనేది. ఎనభై ఏళ్లు వచ్చాయి, ఇప్పటికీ పెరుగు ముట్టదు.

నిత్య నాకు ఆలస్యంగా పుట్టిన పిల్ల. వాళ్ల బడిలో ఎవరో బాగా ఈదుతోందని చెబితే, వద్దనడానికి నోరు రాక చేర్పించాను. ఇప్పటి ఈతకు పిల్ల కంటే తల్లే ఎక్కువ నేర్చుకోవాలి. టోపీలు, కళ్లద్దాలు, ఫోన్‌లో టైమ్‌లు చూపించే యాప్‌లు, ఆ టైమ్‌ల పక్కన ఎల్, ఎస్ అని ఏవో అక్షరాలు. అవి పెద్ద పూల్, చిన్న పూల్ గుర్తులని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. రెండేళ్ల కిందట ఒక పోటీలో నిత్య రెండు వందల మీటర్ల టైమ్ ఒక్కసారిగా నాలుగు సెకన్లు తగ్గింది. నేను ఉబ్బిపోయి, ముందే కొని సంచిలో పెట్టుకున్న కలాకంద్ డబ్బా తీసి గ్యాలరీలో పంచడం మొదలుపెట్టాను. బహదూర్‌పురాలో ఉండే ఫర్హానా ఒక ముక్క తీసుకుంది. ఆమె కొడుకు నిత్యతోపాటే ఈదుతాడు, ఈ లెక్కలన్నీ ఆమెకు కంఠతా వచ్చు.

"ముబారక్ బాజీ. గానీ ఇది చిన్న పూల్ గదా, పచ్చీస్, పాతిక మీటర్‌ది. దీని టైమ్ పెద్ద పూల్ టైమ్‌తోని కలపరు" అంది.

"ఎందుకు కలపరు? దూరం ఒక్కటే గదా."

"దూరం ఒక్కటే, గోడలు ఒక్కటి కాదు. గోడ దగ్గరికి వచ్చినప్పుడల్లా పిల్ల కాళ్లతోని తన్నుతది. ఆ తన్నుడుకే నాలుగైదు మీటర్లు ఫోకట్‌ల పోతది. రెండు వందలకు ఈడ ఏడు సార్లు తన్నొచ్చు. పెద్ద పూల్‌ల మూడే."

నేను డబ్బాకు మూత పెట్టాను. "ఈ సంగతి కోచ్‌లందరికీ తెలుసా?" అని అడిగాను.

"అది వాళ్ల అఆలు బాజీ. తెల్వకుంటే కోచ్ ఎట్ల అయితడు?"

నిత్య తడి తలతో పరిగెత్తుకుంటూ వచ్చి "చూసినవా మమ్మీ" అంటే నవ్వాను గానీ నా మనసు అక్కడ లేదు. నురగ. సునంద టైమ్ అంతా నురగ. అది దిగనిస్తే రెండు సెకన్లు ఎక్కడికి పోయేవో, నేను ఎంత ముందుండేదాన్నో అక్కడే నిలబడి లెక్క వేసుకున్నాను. ఈ ఒక్క ముక్క ఆ రోజు ఆఫీసులో చెప్పి ఉంటే బాపుకు క్షణంలో అర్థమయ్యేది, ఆయన బతుకంతా చేసిన పనే అది. కోపం అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. ఇంటికొచ్చి అమ్మకు చెప్పాలనుకున్నాను. చెబితే ఓదార్పు మాట అనుకుని "నన్ను ఊకుంచనీకి అంటున్నవ్" అంటుందని తెలుసు. ఆమెకు ఆ మాట అంటించినవాడి నోటితోనే విప్పించాలి. దామోదర్ సార్ ఎక్కడున్నాడో కనుక్కున్నాను, బతికే ఉన్నాడని విని సంతోషించాను. ఆయన చచ్చిపోతే నాకు నష్టం.

రెండేళ్లు కాచుకున్నాను. ఈ ఏడు పాత కోచ్‌లకు సన్మానం చేయాలని మా ఈత పిల్లల తల్లిదండ్రుల కమిటీ అనుకుంది. పేర్లలో మొదటిది ఆయనదే. శిష్యురాలిగా నన్ను మాట్లాడమన్నారు, సంతోషంగా ఒప్పుకున్నాను. ఏర్పాట్ల గురించి మాట్లాడటానికి ఆయన పూల్‌కు వచ్చినప్పుడు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను.

"గుర్తుపట్టిన్రా సార్? యాదగిరి బిడ్డను, స్వరూపను."

"అరే, పాలోళ్ల స్వరూపా! మంచిగున్నవా బిడ్డా?"

"సునంద పాతిక మీటర్ల పూల్‌ల ఈదింది సార్. నేను యాభైల. గప్పుడు మీకు తెలుసు గదా?"

ఆయన నీళ్ల వైపు తల తిప్పాడు. బుకాయిస్తాడనుకున్నాను. "తెలుసు" అన్నాడు. "సునందకు అది ఆఖరు ఏడు. వయసు దాటుతుండె. నీకింకో ఏడుంటది గదా అనుకున్న."

"మరి మా అమ్మ పెట్టిన మీగడ?"

"మీ బాపుకు ఏదో ఒకటి చెప్పాలె గదా. నోటికొచ్చింది అన్న."

నోటికొచ్చిందట. ఆ నోటికొచ్చిన మాటకు మా అమ్మ జీవితమంతా పెరుగు మానేసింది, నేను ఈత మానేశాను. నేను మాత్రం గొంతు పెంచలేదు. "రెండు దార్లున్నయి సార్. సన్మానం నాడు అందరి ముంగట మైకుల నేను చెప్త. లేదంటే ముందు రోజు మా ఇంటికొచ్చి మా అమ్మకు మీరే చెప్పాలె. మీరు చెప్తే నేను స్టేజీ మీద నోరు తెరవ. మాటిస్తున్న." స్టేజీ మీదైతే నాకు కడుపు నిండేది, నన్ను మాట్లాడమన్న రాత్రి నుంచే నేను మాట్లాడబోయే ముక్కలు మనసులో పేర్చుకుంటున్నాను కూడా. కానీ అమ్మకు ఎనభై ఏళ్లు. ఆమె వినడం ముఖ్యమనుకుని ఆ సంతోషం వదులుకున్నాను. ఆయన కర్ర నేలకేసి రెండుసార్లు కొట్టి, వస్తానన్నాడు.

అలా ఆ రోజు ఆయన మా మెట్లన్నీ ఎక్కి, చెమట తుడుచుకుంటూ కుర్చీలో కూలబడ్డాడు. అమ్మ కిటికీ పక్క మంచం మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. మా ఇంటికి ఎవరొచ్చినా గ్లాసుడు చల్ల ఇవ్వకుండా పంపడం బాపు ఉన్నప్పటి నుంచీ లేదు. నేను మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"అమ్మా, నేను దామోదర్‌ను."

"ఎరికే. విజిల్ సార్వి గదా."

ఆయన తల వంచుకుని లోగొంతుకతో మొదలుపెట్టాడు. పాతిక, యాభై, గోడలు, తన్నడం, అంతా చెప్పాడు. అమ్మ వెల్లుల్లి ఒలవడం ఆపలేదు. ఆయన ముగించాక "జర గట్టిగ చెప్పు సార్, వినవడలే" అంది. అమ్మ చెవులు బాగానే ఉన్నాయని నాకు తెలుసు. ఆయన మళ్లీ మొదటి నుంచి, ఈసారి కింద గోదాములో హమాలీలకు కూడా వినిపించేంత గట్టిగా చెప్పాడు.

"అంటే మీ పోరి గోడలు తన్నుకుంట వచ్చింది. నా పోరి ఉత్త నీళ్లల్ల ఈదింది."

"అవునమ్మా."

"మీగడతోని ఏం కాలే."

"ఏం కాలేదమ్మా. నీ బిడ్డనే ముందు."

"గిదంత గప్పుడే ఎరికేనా నీకు?"

"ఎరికే."

అమ్మ చేతులు ఆగాయి. "ఆయనకు చెప్పాల్సింది సార్. పోయేదాంక జరంతల తప్పింది, జరంతల తప్పింది అనుకుంట పోయిండు." ఆయన క్షమించమన్నాడు. అమ్మ మళ్లీ వెల్లుల్లి అందుకుంది. "దిగేటప్పుడు మెట్లు చూస్కో" అంది. ఆయన కర్ర చప్పుడు ఒక్కో మెట్టూ దిగి వీధిలో కలిసిపోయింది.

ఆమె ఏడుస్తుందని ఎదురుచూశాను. ఏడవలేదు. నాకు మాత్రం ఏదో వెలితిగా ఉంది. ఆ రోజులకూ ఈ రోజులకూ తేడా ఆలోచిస్తూ కూర్చున్నాను. ఇప్పుడు నిత్యను ఎవరైనా అలా మోసం చేయబోతే ఫర్హానా, నేను, ఇంకో పదిమంది తల్లులం ఫోన్లు చూపించి వాళ్ల పరువు తీస్తాం. ఏ పూల్, ఎంత పొడుగు, ఏ టైమ్, అన్నీ అందరి చేతుల్లోనూ ఉన్నాయి. నిత్య ఈదేటప్పుడు నేను కూర్చునే ఉంటాను, కాలే బండ మీద నడవాల్సిన అవసరం లేదు. పాలు ప్యాకెట్లలో వస్తాయి, నురగ ఉండదు. అన్నీ మెరుగే. కానీ ఈ మెరుగంతా బాపుకు ఏం పనికొచ్చింది? ఆయన ఓడిపోయిన పిల్ల తండ్రిగానే వెళ్లిపోయాడు. దాన్ని సరిచేయడం ఇక దామోదర్ సార్ వల్ల కూడా కాదు. ఇంటికి పిలిపించి చెప్పించుకుంటే తీరే బాకీ కాదనిపించింది, మాటిచ్చి తొందరపడ్డానేమో అని నన్ను నేనే తిట్టుకున్నాను.

"రేపేనా మీ మీటింగు?" అంది అమ్మ.

"రేపే. ఆయనకు శాలువా కప్తరు."

"నువ్వేం మాట్లాడ్తవ్?"

"ఏం మాట్లాడ. ఇంటికొచ్చి నీకు చెప్తే నోరు తెరవనని మాటిచ్చిన అమ్మా."

అమ్మ వెల్లుల్లి పళ్లెం పక్కకు జరిపి, చేతులు కొంగుకు తుడుచుకుంది. "మాటిస్తే నిలవడాలె బిడ్డా. మీ బాపు గూడ గట్లనే ఉండె" అంది. తర్వాత కిటికీలోంచి వీధిలోకి చూసింది.

"నేనైతే ఎవ్వలికి ఏ మాట ఇయ్యలే" అంది. "ఆడ ముసలోళ్లకు గూడ మైకు ఇస్తరా?"

"ఇస్తరు" అన్నాను. "నేనిప్పిస్త."